చాందినీ కుడి భుజం

పోయిన నెల ఒక మధ్యాహ్నం భోంచేసి చెయ్యి కడుక్కుంటుంటే గేటు దగ్గర ఎవరో "మాస్టారూ" అని పిలిచారు. నలభై ఏళ్ల మనిషి, మోటారు సైకిలు, వెనక సీటుకి తాళ్లతో బిగించిన పెద్ద గోనెమూట. తన పేరు ఖాజా అనీ, గుడివాడ నుంచి వస్తున్నాననీ, పెళ్లి ఊరేగింపులకి గుర్రాన్ని అద్దెకిస్తుంటాననీ చెప్పాడు. వరండాలో మూట విప్పితే మూడు జీన్లు బయటపడ్డాయి. ఒకదాని మీద ఎర్ర ముఖమల్, ఒకదాని మీద బంగారు రంగు రెక్సిన్, మూడోది పాతది, అంచులు పిగిలిపోయాయి.

"ఇది హైదరాబాద్‌లో కొన్నానండి. ఇది ఫోన్లో ఆర్డర్ పెట్టింది, మీడియం సైజు. ఇదేమో మా బావ గుర్రానిది, బతిమాలి తెచ్చా. మూడూ కుదర్లేదు. మెడ దిగిన చోట ఎముక ఎత్తుగా ఉంటదండి మావాడికి, అక్కడ నొక్కుద్ది. నాలుగడుగులేస్తే మొత్తం ఓ పక్కకి జారిపోద్ది." ఫోన్లో ఫోటో చూపించాడు. తెల్లటి వీపు మీద అరచేతి వెడల్పున పచ్చి పుండు.

"దానికి నేనేం చెయ్యగలను బాబూ?"

"మీ నాన్నగారు జీన్లు కుట్టేవారంటగా. పాత జట్కా వాళ్లు ఇంకా చెప్పుకుంటారండి, ఏసోబు జీనేస్తే గుర్రానికి చొక్కా తొడిగినట్టుండేదని."

"ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. నాకా పని రాదు" అన్నాను.

మొదటి మాట నిజం. రెండో మాట సగమే నిజం. నాకు కుట్టడం రాదు గానీ కొలవడం వచ్చు. జీనులో కష్టమంతా కొలతలోనే ఉందని మా నాన్న అనేవాడు. ఖాజా మంచినీళ్లు సగం తాగి, నంబరు రాసిచ్చి, మూడు జీన్లూ మళ్లీ కట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత నేను కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. వరండాలోంచి గేటు దాకా, గేటు నుంచి వరండా దాకా తిరిగాను. పేపరు తీసి పెట్టేశాను. సాయంత్రం ఊరికే బస్టాండు దాకా వెళ్లి, గుడివాడ బస్సెక్కి, అది కదలబోతుంటే దిగి ఇంటికొచ్చాను. ఆ ఫోటోలో పుండు నాకు తెలిసిన పుండే. చాలా ఏళ్ల కిందట నేను చేసిన పుండు లాంటిదే.

మా ఇల్లు బందరు శివార్లలో రెండు గదుల పెంకుటిల్లు. ముందు పంచలో నాన్న పని. ఊళ్లో మా పెద్దలు చేసిందీ తోలు పనే. బందరు వచ్చాక నాన్న చెప్పుల నుంచి జట్కా సామానుకి మారాడు. కళ్లేలు, పగ్గాలు, గుర్రం మెడకేసే పట్టాలు, ఎప్పుడన్నా ఒక జీను. తంగేడు చెక్కలో నానిన తోలు వాసన, ఆముదం వాసన, దారానికి రాసే మైనం వాసన, అమ్మ పొయ్యి మీద కాచే మైదా జిగురు వాసన, ఇవన్నీ కలిసి మా ఇంట్లో అన్నానికి కూడా పట్టేవి. తెల్లారగానే నాన్న మైనంముద్దలోంచి దారం లాగుతుంటే కీచుమని ఒక చప్పుడు వచ్చేది. నేను లేచేది ఆ చప్పుడుకే. కొత్త తోలు కొయ్యబోయే ముందు ఆయన దాన్ని ఒకసారి వాసన చూసి, లేచి గేటు దాకా నడిచి, వచ్చి కూర్చుని అప్పుడు కత్తి పెట్టేవాడు. ఎందుకని అడిగితే, "మళ్లీ అతుక్కోదు గదరా" అనేవాడు. నాన్నకి ఎడమ కాలు బోదకాలు. నెలా రెండు నెలలకోసారి జ్వరం వచ్చి కాలు అరటిబోదెలా అయిపోయేది. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చిలో ఆఖరి బెంచీ చివర, కాలు బయటికి చాపుకుని కూర్చునేవాడు.

నేను కాలేజీకి వెళ్లే ముందు తోలు వాసన పోవాలని నిమ్మచెక్కతో చేతులు రుద్దుకునేవాణ్ని. నా పక్కన కూర్చునేవాళ్లలో ఆ వాసన పోల్చుకుని, దాన్నిబట్టి మేమెవరమో పోల్చుకునేవాళ్లు ఉండేవారు. ఒకళ్లిద్దరు నవ్వేవారు కూడా. వాళ్ల తప్పు వాళ్లకుంది, దాన్ని మాఫీ చెయ్యను. కానీ వాళ్ల నవ్వుకి బదులుగా నేను మా నాన్నని దాచుకోవడం మొదలుపెట్టాను. అది నా తప్పు. మీ నాన్న ఏం చేస్తాడని అడిగితే "బిజినెస్" అనేవాణ్ని.

నాన్న కొలత తీసే పద్ధతి ఎవరి దగ్గర నేర్చుకున్నాడో తెలీదు. మంగినపూడిలో జాలర్లు వలలకి కట్టే సీసం తెచ్చి, కరిగించి, సాగగొట్టి మూరెడు కడ్డీ చేసుకున్నాడు. వేళ్లతో ఎటు వంచితే అటు వంగుతుంది, వదిలేస్తే అలాగే ఉంటుంది. గుర్రాన్ని చదునైన నేల మీద, నాలుగు కాళ్లూ సమంగా, తల ఎత్తించి నిలబెట్టాలి. మేస్తూ తల దించితే వీపు రూపం మారిపోతుంది. వెన్నెముక మీంచి ఒక పక్కకి కడ్డీని దించి, ఒంటికి అంటేలా వేళ్లతో నొక్కి, కదలకుండా తీసి, అట్ట మీద పెట్టి గీత గీసి కత్తిరించాలి. మెడ దిగిన చోట ఒకటి, నాలుగు వేళ్లు వెనక్కి ఒకటి, వీపు మధ్యలో ఒకటి. ఒక పక్కకి మూడు, రెండో పక్కకి మూడు. ఆ ఆరు ముక్కల్ని బట్టే వడ్రంగి చేత చెక్క చేయించి, కింద మెత్తలో గొర్రెబొచ్చు ఎక్కడ ఎంత కూరాలో చూసుకునేవాడు. ఆయనకి చదువు రాదు. ముక్కల అంచున కత్తితో గాట్లు పెట్టుకునేవాడు, ఒకటో చోటుకి ఒక గాటు, రెండో చోటుకి రెండు, మూడో చోటుకి మూడు. నేను కాలేజీలో చేరాక ముక్కల మీద పేర్లు నా చేత రాయించేవాడు. "మావాడు అక్షరాలేసిస్తే ఆ దర్జానే వేరు" అని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు.

దివిసీమ నుంచి మస్తాన్ మావయ్య వచ్చింది ఆ రోజుల్లోనే. అవనిగడ్డ అవతల ఒక ఊళ్లో ఆయనకి జట్కా ఉండేది. నాన్నని అన్నా అనేవాడు గానీ, నాకు చిన్నప్పటి నుంచీ మావయ్య అనే అలవాటు. ఆటోలొచ్చాక జట్కా ఎక్కేవాళ్లు లేరు. బండి పుల్లలయ్యింది. గుర్రం మాత్రం మిగిలింది. చాందినీ. తెల్ల గుర్రం.

"పెళ్లికొడుకులెక్కడానికి తెల్లది కావాలంటన్నారు అన్నా. వచ్చే ముహూర్తాలకి ఆరు ఊరేగింపులు మాటిచ్చా. చాందినీ నిలబడితే నేను నిలబడతా. లేకపోతే రైసుమిల్లులో బస్తాలు మొయ్యాల్సిందే."

"దానికేం, నిలబడుద్ది" అన్నాడు నాన్న.

"జీనే నిలబడట్లా. నాలుగిళ్లల్లో అడిగి తెచ్చి వేశా. అన్నీ కుడి పక్కకే జారతన్నయ్. కుడి భుజం సంగతి నీకు తెలుసుగా."

నాన్నకి తెలుసు. ఉప్పెన నాటికి చాందినీ చిన్నపిల్ల. పాక కూలి దూలం దాని కుడి భుజం మీద పడింది. బతికింది గానీ ఆ పక్క కండ పట్టలేదు. ఎడమ భుజం నిండుగా, కుడి భుజం ఎముకలు తేలి. బండి లాగడానికి అది అడ్డం కాలేదు. మనిషి కూర్చోవడానికి అడ్డమైంది.

నాన్న బయల్దేరాల్సిన రోజున జ్వరం తగిలింది. కాలు కింద పెట్టలేకపోయాడు. సీసం కడ్డీ, అట్టలు, కత్తెర సంచీలో పెట్టి నన్ను పంపుతూ గుమ్మం దాకా పాక్కుంటూ వచ్చాడు. "ఎడం పక్క ఎవడన్నా తీస్తాడు. కుడి పక్కే దాని ప్రాణం. అక్కడ రెండుసార్లు తియ్యి" అన్నాడు.

పులిగడ్డ దగ్గర ఏరు దాటి, అవనిగడ్డలో బస్సు దిగి, కరకట్ట మీద నడుచుకుంటూ వెళ్లాను. మస్తాన్ మావయ్య చాందినీని కడిగి, నుదుట జుట్టు దువ్వి, నా కోసం నిలబెట్టి ఉంచాడు. పళ్లెంలో అరటిపళ్లు. నాన్న చెప్పినట్టే తల ఎత్తించి, కాళ్లు సర్దించి ఎడం పక్క మూడూ తీశాను. బాగా తీశాను. గుర్రం చర్మం నా వేళ్ల కింద ఈగ వాలినట్టు వణికి సర్దుకుంది. అట్టల మీద అందంగా అక్షరాలు రాశాను. కడ్డీ చక్కజేసుకుని రెండో పక్కకి వెళ్లబోతుంటే, కట్ట మీద సైకిలు బెల్లు వినపడింది. మా క్లాసు కుర్రాడు. నిమ్మచెక్కల సంగతి కనిపెట్టి నవ్వేవాళ్లలో ఒకడు. అది వాళ్ల ఊరని నాకు తెలీదు.

"ఏంట్రా, నువ్విక్కడ?"

కడ్డీని సంచీలోకి తోసేశాను. "చుట్టాలింటికొచ్చా."

వాడు మస్తాన్ మావయ్య టోపీ వైపు, గడ్డం వైపు చూశాడు. "చుట్టాలా?"

నేను నోరు తెరిచేలోగా మావయ్యే అందుకున్నాడు. "అవును బాబూ, మా అన్న కొడుకే. అరటిపండు తింటావా?"

వాడు బస్టాండు వైపే వెళ్తున్నాడట, సైకిలెక్కమన్నాడు. నేను ఎక్కడానికి కదిలాను. మావయ్య తాడు పట్టుకునే, గొంతు తగ్గించి, "మరి ఆ పక్క?" అన్నాడు. "అయిపోయింది మావయ్యా, చూసుకున్నా" అన్నాను. ఆయన తాడు వదులు చేసి చాందినీని తల దించనిచ్చాడు. చదువుకున్న కుర్రాడు చూసుకున్నానంటే చూసుకునే ఉంటాడనుకున్నాడో, నా మొహం చూసి జాలిపడ్డాడో. సైకిలు మీద వెనక కూర్చుని దారి పొడుగునా వాడు చెప్పే కబుర్లకి నవ్వాను. వాడు వెళ్లిపోయాక అవనిగడ్డ బస్టాండులో బెంచీ మీద కూర్చుని, ఎడం పక్క ముక్కల్నే ఇంకో అట్ట మీద పెట్టి గీత గీసి కత్తిరించాను. తిరగేసి, వాటి మీద "కుడి" అని రాశాను. ఆ అక్షరాలు కూడా అందంగానే వచ్చాయి.

నాన్న ఆ ముక్కలు చూసి, "భుజం బానే తేరుకుందే" అన్నాడు. సంతోషంగా అన్నాడు. పదిహేను రోజులు కూర్చుని కుట్టాడు. ఎర్ర ముఖమల్, ఇత్తడి పువ్వులు, కాళ్లు పెట్టుకునే రికాబులకి కొత్త పట్టీలు. పూర్తయ్యాక వీధిలో వాళ్లు వచ్చి చూసి వెళ్లారు.

మొదటి ఊరేగింపు అయిన మర్నాడే మస్తాన్ మావయ్య ఆ జీను ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాడు. పంచలో కింద కూర్చున్నాడు.

"సగం దారిలో ఆగిపోయింది అన్నా. బ్యాండు వాళ్లు వాయిస్తానే ఉన్నారు. అదిలించా, బతిమాలా. కుడి కాలు నేలకి ఆనించట్లా. పెళ్లికొడుకు బావమరిది ఎనకనించి కర్రతో ఒకటిచ్చాడు. అంతే, ఎనక కాళ్లు లేపింది. పెళ్లికొడుకు గట్టు మీద, తలపాగా కాలవలో." నవ్వబోయాడు. "నవ్వొచ్చే సంగతేలే. పెళ్లివారి చేతిలో నా చెంప పగిలాక నవ్వు రాలా. జీను తీసి చూస్తే కుడి భుజం మీద తోలు ఊడొచ్చింది."

నాన్న జీను తిరగేసి కుడి మెత్త మీద అరచెయ్యి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు. తర్వాత నన్ను పిలిచాడు.

"రెండు పక్కలా తీశావు కదరా?"

"తీశాను నాన్నా."

"తల ఎత్తించి నిలబెట్టావా?"

"నిలబెట్టాను." ఇది నిజం కావడంతో నా గొంతు గట్టిపడింది.

"అయితే నా చెయ్యే మస్తానూ. చెయ్యి మాట వినట్లా" అన్నాడు నాన్న.

మస్తాన్ మావయ్య నా వైపు చూశాడు. ఆ రోజు తాడు పట్టుకుని నిలబడ్డ మనిషి ఆయనే. నేను గుర్రానికి ఎటువైపు వెళ్లానో, ఎటువైపు వెళ్లలేదో ఆయన కంటే తెలిసినవాడు లేడు. చూపు తిప్పుకుని, "కాసిని మంచినీళ్లియ్యి వదినా" అని మా అమ్మని అడిగాడు. ఒక్క మాట అంటే నేను అక్కడే పడిపోయేవాణ్ని. అనలేదు. చెంపదెబ్బ తిన్నవాడూ ఆయనే, నన్ను కాచినవాడూ ఆయనే.

ఆ వారమే నేను పై చదువుకి గుంటూరు హాస్టలుకి వెళ్లిపోయాను. నాన్న ఆ మెత్త విప్పి, కుడి పక్క మళ్లీ కూరి, జీను పంపించాడని అమ్మ చెప్పింది. అందాజుగా సర్ది ఉంటాడనుకున్నాను. అది వెళ్లేసరికి ఆలస్యమైపోయింది. పుండు మానినా చాందినీ ఇక వీపు మీద దేన్నీ వెయ్యనివ్వలేదట. మస్తాన్ మావయ్య రైసుమిల్లుకి వెళ్లాడు. నాన్న ఆ తర్వాత ఇంకో జీను కుట్టలేదు. ఎవరొచ్చినా, "చెయ్యి పోయిందయ్యా" అనేవాడు. మిగిలిన జీవితమంతా ఆటోలకి సీటు కవర్లు కుట్టాడు. రెక్సిన్‌కి వాసన ఉండదు. నాకు ఉద్యోగం వచ్చి, హైస్కూల్లో లెక్కల మాస్టారునయ్యాను. త్రిభుజానికి రెండు భుజాలు సమానమని తేల్చే ముందు కొలవాలని ముప్పై ఏళ్లు పిల్లలకి చెప్పాను.

సెలవులకి ఇంటికొస్తే నాన్న నా చదువు సంగతులూ, తర్వాత ఉద్యోగం సంగతులూ అన్నీ విని, ఆఖర్న "ఇంకా?" అనేవాడు. అని, ఆగేవాడు. నేను "ఇంకేం లేవు నాన్నా" అనేవాణ్ని. "సర్లే" అని మళ్లీ పనిలో పడేవాడు. అది ఆయనకి ఊతపదమనుకున్నాను. మంచం పట్టిన ఆఖరి రోజుల్లో కూడా అన్నాడు. నేను మందుల సంగతి చెప్పాను.

తప్పు కొలతతో కుట్టిన జీను కారణంగా ఒక మంచి పనివాడు తన చేతి మీద నమ్మకం పోగొట్టుకున్నాడు, అది నా అబద్ధం వల్ల, అని ఇన్నేళ్లూ నమ్మాను. బాధపడ్డాను. ఆ బాధ నాకు అలవాటైపోయింది కూడా. ఖాజా వచ్చి వెళ్లిన మర్నాడు పొద్దున అటకెక్కి అమ్మ ట్రంకు పెట్టె దించే దాకా అలాగే ఉంది. పెట్టె అడుగున నాన్న పాత లుంగీ గుడ్డలో ఒక మూట. విప్పితే సీసం కడ్డీ ఉంది. నా అక్షరాలున్న అట్టముక్కలు ఆరు ఉన్నాయి, అంచులు చీకిపోయి. వాటి కింద తోలు ముక్కలు మూడు. వాటి మీద అక్షరాల్లేవు. ఒకదానికి ఒక గాటు, ఒకదానికి రెండు, ఒకదానికి మూడు.

వరండాలో కింద కూర్చుని ఆ తోలు ముక్కల్ని, నేను "కుడి" అని రాసిన అట్టల మీద ఒక్కొక్కటే పెట్టి చూశాను. రెండు వేళ్ల తేడా. లోతుగా, ఎముక వెంట దిగిన గీత. అది అందాజు కాదు. అది చాందినీ కుడి భుజమే. ఆ కాలు ఈడ్చుకుంటూ ఆయన దివిసీమ వెళ్లాడు. బస్సులో, కరకట్ట మీద నడిచి, గుర్రానికి ఆ పక్కన నిలబడి, నేను తియ్యని కొలత తీశాడు. నేను హాస్టలుకి వెళ్లాకే అయ్యుంటుంది, అమ్మ కూడా నాకు చెప్పలేదు. వచ్చి మెత్త సరిచేశాడు. నా ముక్కల్ని పారెయ్యలేదు, తన ముక్కలతో కలిపి మూట కట్టాడు.

అంటే చెయ్యి పోలేదు. పోలేదని ఆయనకి తెలుసు. మరి జీన్లెందుకు మానేశాడు? రెండు రోజులు ఈ ప్రశ్నతో ఇంట్లో తిరిగాను, అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. జవాబు చాలా చిన్నది. ఆ కాలుతో ప్రతిసారీ ఆయన వెళ్లలేడు. పంపడానికి నేనున్నాను. నన్ను పంపలేడు. ఆయన నమ్మకం పోయింది తన చేతి మీద కాదు. అది నాతో చెప్పకుండా ఉండడానికి, పేరున్న పనివాడు పదిమందిలో తన చెయ్యే పోయిందని చెప్పుకుని తిరిగాడు. నేను అబద్ధం చెప్పి మర్చిపోవాలని చూస్తే, ఆయన నా అబద్ధాన్ని తనది చేసుకుని బతికాడు. ఏడాదికి రెండు మూడుసార్లు మాత్రం, "ఇంకా?" అని తలుపు తీసి పెట్టాడు.

మూడో రోజు ఖాజాకి ఫోన్ చేసి గుడివాడ వెళ్లాను. అక్కడ ఒక రైసుమిల్లు వెనక ఖాళీ స్థలంలో, డీజే బండి పక్కన గుర్రాన్ని కట్టేశాడు. తెల్లది, పొడుగుది, మెడ దిగిన చోట ఎముక కత్తిలా తేలింది. కుట్టడానికి బస్సు సీట్లు కుట్టే షాపులో ఒకతన్ని మాట్లాడి ఉంచాడు. కూరడం దగ్గరుండి చెప్తానన్నాను.

"పేరు రాకీ అండి. పిల్లలు పెట్టారు. కరవదు గానీ, చొక్కా గుండీలు తింటది."

తల ఎత్తించి పట్టుకోమన్నాను. కడ్డీ ఇంకా మెత్తగానే ఉంది. ఎడం పక్క మూడూ తీసి అట్ట మీద గీశాను. ఎండ నడినెత్తి మీదుంది. ఎందుకో అక్కడే, కత్తెర చేతిలో ఉండగానే, ఖాజాకి అంతా చెప్పేశాను. నిమ్మచెక్కలు, సైకిలు, బస్టాండు బెంచీ, తోలు ముక్కలు. నా భార్యకి కూడా చెప్పని సంగతి. ఖాజా తాడు పట్టుకుని, గుర్రం మూతిని తన గుండీల నుంచి తోసేస్తూ, కదలకుండా విన్నాడు. అయ్యాక నేను ఏదో ఒక మాట కోసం ఎదురుచూశాను, తిట్టయినా ఓదార్పయినా.

"అయితే ఆ గుర్రం ఏమైందండీ తర్వాత?" అన్నాడు.

ఇన్నేళ్లలో మా నాన్న గురించి ఆలోచించాను, మస్తాన్ మావయ్య చెంప గురించి ఆలోచించాను, అన్నిటికంటే ఎక్కువగా నా గురించి ఆలోచించాను. చాందినీ ఏమైందని ఒక్కసారి ఎవర్నీ అడగలేదు.

"తెలీదు" అన్నాను.

ఖాజా గుర్రాన్ని తిప్పకుండా తనే తాడు చేతులు మార్చుకుని పక్కకి జరిగి, నాకు దారిచ్చాడు.

"సర్లెండి మాస్టారూ. ఈ పక్క కూడా తియ్యండి."